ఆడ్‌బాల్ ప్రయోగంలో పీ300 రావడం లేదు: తప్పు ఎక్కడుంది?

తరంగాలవేట | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. శబ్దాల ఆడ్‌బాల్ ప్రయోగానికి (ఒకే శబ్దం పదేపదే వస్తుంటే మధ్యలో అరుదుగా వచ్చే వేరే శబ్దాన్ని పట్టుకోవాలి) పైలట్ ఈఈజీ డేటా, అంటే తల మీంచి కొలిచే మెదడు తరంగాలు, తీశాం. ఆరుగురూ ఆరోగ్యవంతులే, వయసు 22 నుంచి 30. పీజెడ్ (నడినెత్తి వెనక ఎలక్ట్రోడ్) దగ్గర పీ300 (అరుదైన శబ్దం వచ్చిన 300 మిల్లీసెకన్ల ప్రాంతంలో లేవాల్సిన పాజిటివ్ తరంగం) అనదగ్గది ఏదీ లేదు. సెటప్ మొత్తం పెడుతున్నాను, ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి.

32 ఎలక్ట్రోడ్ల జెల్ క్యాప్, వెండి–సిల్వర్ క్లోరైడ్ రకం, పాసివ్. శాంపిలింగ్ 500 హెర్ట్జ్. తరచూ వచ్చే టోన్ 1000 హెర్ట్జ్, అరుదుగా వచ్చేది 2000 హెర్ట్జ్, నిష్పత్తి 80:20. మొత్తం 200 శబ్దాలు, అంటే టార్గెట్లు 40. ఒక శబ్దం మొదలైనప్పటి నుంచి తర్వాతిది మొదలయ్యే దాకా సరిగ్గా 600 మిల్లీసెకన్లు. టార్గెట్లను మనసులో లెక్కపెట్టమన్నాం. వైరున్న హెడ్‌ఫోన్, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు, సైకోపైలో రాసిన ప్రోగ్రాం, ట్రిగ్గర్ (శబ్దం ఎప్పుడు మొదలైందో రికార్డింగులో గుర్తు పెట్టే సిగ్నల్) యూఎస్‌బీ–సీరియల్ మీదుగా.

ప్రాసెసింగ్: 1–30 హెర్ట్జ్ ఫిల్టర్, యావరేజ్ రిఫరెన్స్ (అన్ని చానెళ్ళ సగటుతో పోల్చి కొలవడం), రెప్పపాట్లకు ఐసీఏ (కలిసిపోయిన సిగ్నళ్ళని కాంపొనెంట్లుగా విడదీసే పద్ధతి), −200 నుంచి 800 మిల్లీసెకన్ల ఎపోక్ (ఒక్కో శబ్దం చుట్టూ కోసుకునే ముక్క), ±100 మైక్రోవోల్టులు దాటితే ట్రయల్ తీసేశాం.

ఫలితం: పీజెడ్‌లో 520 మిల్లీసెకన్ల దగ్గర 2 మైక్రోవోల్టుల పల్చటి గుట్ట. అంతే. దీని తర్వాత స్కిజోఫ్రెనియా ఉన్నవారితో పోల్చే అధ్యయనం మొదలుపెట్టాలి. ముందు ఇది తేలాలి.

---

మెదడుకుమేత | సోమవారం, ఉదయం 10:25

పీ300ని కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒకటి చెప్పండి: ఎన్1 ఉందా?

160 మామూలు టోన్ల సగటు తీసి ఎఫ్‌జెడ్, సీజెడ్ (నడినెత్తి ముందువైపు, నడినెత్తి ఎలక్ట్రోడ్లు) చూడండి. శబ్దం మొదలైన 100 మిల్లీసెకన్ల ప్రాంతంలో కిందికి ఒక కొస రావాలి. అది శ్రవణ కార్టెక్స్ నుంచి వచ్చే స్పందన. దానికి లెక్కపెట్టడం అక్కర్లేదు, ఉత్సాహం అక్కర్లేదు, చెవికి వినబడితే చాలు. ఎన్1 నిటారుగా ఉండి పీ300 ఒక్కటే లేకపోతే మీ టాస్క్‌లో లోపం, లేదా పాల్గొన్నవాళ్ళు నిద్రపోతున్నారు. ఎన్1 కూడా లేదంటే టైమింగ్ పోయింది.

కారణం సులువే. ఎన్1 వెడల్పు 50 మిల్లీసెకన్లు ఉంటే గొప్ప. ట్రిగ్గర్‌కీ శబ్దానికీ మధ్య దూరం ప్రతిసారీ 100 మిల్లీసెకన్ల మేర మారుతుంటే సగటులో ఎన్1 తుడిచిపెట్టుకుపోతుంది. పీ300 వెడల్పు 200 మిల్లీసెకన్లకు పైనే కాబట్టి అది చావదు, నలిగి పల్చబడుతుంది. మీరు చెప్పిన "పల్చటి గుట్ట" నాకు అలాగే అనిపిస్తోంది.

---

తరంగాలవేట | సోమవారం, ఉదయం 11:10

చూశాను. ఆరుగురిదీ కలిపి సగటు తీసినా 100 దగ్గర ఏమీ లేదు. 240 దగ్గర కిందికి చిన్న వంపు, కొస లేదు.

---

మెదడుకుమేత | సోమవారం, ఉదయం 11:18

అయితే దొంగ దొరికాడు. 240లోంచి 100 తీస్తే 140. 520లోంచి అదే 140 తీస్తే 380, అంటే పీ300 ఉండాల్సిన చోటే. శబ్దం ట్రిగ్గర్ కంటే సుమారు 140 ఆలస్యంగా వస్తోంది, ఆ ఆలస్యం కూడా నిలకడగా లేదు. శీను గారూ, కొలిచే పద్ధతి మీరు చెప్పండి.

---

సోల్డరింగ్‌శీను | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ ఓసిలోస్కోప్ పడుతుంది. రెండు చానెళ్ళది చాలు. మొదటి చానెల్‌కి ట్రిగ్గర్ లైను, రెండోదానికి హెడ్‌ఫోన్ పిన్ను. ప్రయోగం మొత్తం నడిపి కనీసం 100 శబ్దాల ఆలస్యం రాసుకోండి. సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు. కనిష్ఠం, గరిష్ఠం, ప్రామాణిక విచలనం మూడూ కావాలి. ఆలస్యం స్థిరంగా 40 మిల్లీసెకన్లు ఉన్నా బాధ లేదు, విశ్లేషణలో తీసేయొచ్చు. మారుతుంటేనే చచ్చాం.

స్కోప్ లేకపోతే శబ్దాన్ని ఆంప్లిఫయర్‌లోకే పంపి ఒక చానెల్‌గా రికార్డు చెయ్యొచ్చు. కానీ ఇందులో మూడు గోతులున్నాయి.

హెడ్‌ఫోన్ సిగ్నల్ 1 వోల్టు దాకా ఉంటుంది. ఈఈజీ ఆంప్లిఫయర్లలో చాలావాటికి కొన్ని మిల్లీవోల్టులు దాటితే సాచురేషన్, అంటే గీత గరిష్ఠానికి తగిలి ఆగిపోతుంది. కాబట్టి 1 లక్ష ఓమ్ల రెసిస్టర్ సిరీస్‌లో, 100 ఓమ్లది అడ్డంగా పెట్టి ఆ 100 ఓమ్ల మీద నుంచి సిగ్నల్ తీసుకోండి. వెయ్యో వంతుకు తగ్గుతుంది.

రెండోది చాలామంది పడేది. మీ శాంపిలింగ్ 500 హెర్ట్జ్. అంటే 250 హెర్ట్జ్ పైన ఏదీ నిజంగా నమోదు కాదు, ఆంప్లిఫయర్‌లోని యాంటీ ఎలియాసింగ్ ఫిల్టర్ ఇంకా ముందే కోసేస్తుంది. 1000 హెర్ట్జ్ టోన్ పంపి "చానెల్ ఖాళీగా ఉంది, కేబుల్ పోయిందేమో" అని సోల్డరింగ్ ఐరన్ వేడిచెయ్యకండి. కొలతకి మాత్రం ఆ టోన్ ఫైలు బదులు 100 హెర్ట్జ్ టోన్ ఫైలు పెట్టండి. ఆలస్యం సౌండ్ కార్డు దారిలో వస్తోంది తప్ప టోన్ ఫ్రీక్వెన్సీ వల్ల కాదు కాబట్టి కొలత చెల్లుతుంది.

మూడోది ప్రాణానికి సంబంధించింది. ఈ కేబుల్ తగిలించి ఉన్నప్పుడు క్యాప్ ఎవరి తల మీదా ఉండకూడదు. ఆంప్లిఫయర్‌కి ఉన్న ఐసొలేషన్ మీరు ల్యాప్‌టాప్‌కి కలిపిన క్షణంలో పోతుంది. ఆ ల్యాప్‌టాప్ గోడ సాకెట్‌లో ఉందంటే మరీ ప్రమాదం.

ఇంకోటి, యూఎస్‌బీ–సీరియల్ అన్నారు. ఎఫ్‌టీడీఐ చిప్ అయితే డివైస్ మేనేజర్‌లో లేటెన్సీ టైమర్ డీఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్లు ఉంటుంది. దాన్ని 1 చెయ్యండి.

---

కొత్తగాచేరా | సోమవారం, మధ్యాహ్నం 2:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. పీ300 అంటే అసలు మెదడులో ఏం జరుగుతున్నట్టు? "శ్రద్ధ సిగ్నల్" అనుకోవచ్చా?

---

మెదడుకుమేత | సోమవారం, మధ్యాహ్నం 3:15

అంత సులువుగా పేరు పెడితే తర్వాత మీరే ఇరుక్కుంటారు. శామ్యూల్ సటన్ బృందం 1965లో చూపించింది ఇది: వచ్చే ఉద్దీపన ఏదో ముందే తెలియనప్పుడు 300 మిల్లీసెకన్ల ప్రాంతంలో పెద్ద పాజిటివ్ తరంగం వస్తుంది, ముందే తెలిస్తే కుంచించుకుపోతుంది. అంటే అది శబ్దానికి కాక అనిశ్చితి తీరడానికి వచ్చిన స్పందన. శబ్దం రావాల్సిన చోట రాకపోయినా, ఆ రాకపోవడమే సమాచారం అయితే, పీ300 వస్తుంది.

1975లో నాన్సీ స్క్వైర్స్, కెనెత్ స్క్వైర్స్, హిల్‌యార్డ్ కలిసి దీన్ని రెండుగా విడదీశారు. ముందువైపు, కాస్త త్వరగా, పని లేకపోయినా వచ్చేది పీ3ఏ. నడినెత్తి వెనక, పని అప్పగించినప్పుడు వచ్చేది పీ3బీ. ఈ థ్రెడ్‌లో మాట్లాడుతున్నది రెండోదాని గురించి. అది దేనికి గుర్తు అన్నదానికి రెండు ప్రధాన వాదాలు. మనసులో ఉన్న పరిసరాల నమూనాని సరిదిద్దుకోవడం అని డాంచిన్ అన్నారు. బ్రెయిన్‌స్టెమ్‌లోని లోకస్ సెరూలియస్ నుంచి కార్టెక్స్‌కి వెళ్ళే నార్‌ఎడ్రినలిన్ దెబ్బ అని 2005లో న్యువెన్‌హైస్, యాస్టన్–జోన్స్, కోహెన్ వాదించారు. పుర్రె మీంచి కొలిచేది ఎన్నో చోట్ల పుట్టిన వోల్టేజీల మొత్తం. ఆ ఒక్క గుట్టతో ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చలేం.

---

తరంగాలవేట | మంగళవారం, ఉదయం 11:50

కొలిచాం, స్కోప్ దొరికింది. 200 శబ్దాలకు సగటు ఆలస్యం 142 మిల్లీసెకన్లు. కనిష్ఠం 91, గరిష్ఠం 197. మెదడుకుమేత గారూ, మీరు డేటా చూడకుండానే చెప్పేశారు.

పాత ఆరుగురి డేటాని బాగుచేసే దారి ఉందా?

---

సోల్డరింగ్‌శీను | మంగళవారం, మధ్యాహ్నం 12:20

శబ్దాన్ని పక్క చానెల్‌లో రికార్డు చేసి ఉంటే ప్రతి ట్రయల్‌నీ జరిపి సరిచేసేవాళ్ళం. చెయ్యలేదు కాబట్టి ఏ ట్రయల్ ఎంత జరిగిందో తెలిసే దారి లేదు. ఆ డేటా జెల్ పూయడం సాధన చేసినట్టు అనుకోండి.

సరిచేసే పద్ధతి: సైకోపైలో ఆడియో లైబ్రరీని సైక్‌టూల్‌బాక్స్‌కి మార్చండి, లేటెన్సీ మోడ్ 3 పెట్టండి. శబ్దాల ఫైళ్ళ శాంపిల్ రేటు, సౌండ్ కార్డు రేటు ఒకటే ఉండాలి (రెండూ 48000 చెయ్యండి), లేకపోతే దారిలో మార్పిడి జరుగుతుంది. విండోస్‌లో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" తీసెయ్యండి. శబ్దాలన్నీ ప్రయోగం మొదట్లోనే లోడ్ చెయ్యాలి, ట్రయల్ లోపల కాదు. "ఇప్పుడే మోగించు" అనకుండా "ఫలానా క్షణానికి మోగించు" అని కొంచెం ముందుగా షెడ్యూల్ చెయ్యండి. అన్నీ చేశాక మళ్ళీ కొలవండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వైపు మాత్రం కన్నెత్తి చూడొద్దు.

---

జుట్టూజెల్లూ | మంగళవారం, మధ్యాహ్నం 2:45

మీరంతా కంప్యూటర్లో వెతుకుతున్నారు, బాగానే ఉంది. తల సంగతి నేను చెబుతాను. ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడుకీ మధ్య కరెంటుకి ఉండే అడ్డు) ఎంత వచ్చిందో పోస్టులో ఎక్కడా లేదు.

మన దగ్గర మొదటి శత్రువు కొబ్బరినూనె. నూనె పొర మీద జెల్ జారుతుంది, చర్మానికి అంటదు, 40–50 కిలోఓమ్ల దగ్గరే ఆగిపోతుంది. ముందురోజు రాత్రి తలంటుకుని రమ్మని ఫోన్‌లో చెప్పండి. చెప్పేటప్పుడు "షాంపూతో, కండిషనర్ వద్దు, తర్వాత నూనె పెట్టొద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. తలస్నానం అనగానే తెల్లారి లేచి మళ్ళీ నూనె రాసుకునే వచ్చేవాళ్ళే ఎక్కువ. తడి జుట్టుతో కూడా రాకూడదు.

జడ విప్పించండి. పాయతీసి మెడ కింద రెండు వదులు జడలు వేస్తే క్యాప్ వెనకభాగం ఎత్తుగా లేవదు. ఒంటిజడ అయితే ఓజెడ్, ఓ2 గాల్లో ఉంటాయి. పూలు, పిన్నులు, నుదుట బొట్టుబిళ్ళ, విభూతి అన్నీ తీయించాలి, అడిగి, మర్యాదగా. చెవి వెనక ఎముక మీద మాస్టాయిడ్ ఎలక్ట్రోడ్ పెట్టేచోట స్పిరిట్ దూదితో తుడవండి.

క్యాప్‌ని అంచనాగా తొడగొద్దు. ముక్కు మొదలు గుంత నుంచి వెనక తల గడ్డ దాకా టేపుతో కొలవండి. 36 సెంటీమీటర్లు వస్తే సీజెడ్ సరిగ్గా 18 దగ్గర. చెవి ముందు గుంత నుంచి రెండో చెవి గుంత దాకా కొలిచినా అదే చుక్క సగం కావాలి. ముందువైపు ఎలక్ట్రోడ్లు ముక్కు గుంతకి పది శాతం పైన, అంటే 3.6 సెంటీమీటర్ల దగ్గర. ఈ 10–20 లెక్క 1958లో జాస్పర్ ఇచ్చింది, ఇప్పటికీ ఇదే.

జెల్ పెట్టే వరస ముఖ్యం. ముందు గ్రౌండ్, తర్వాత రిఫరెన్స్. ఆ రెండూ బాగోకపోతే మిగతావి చూపించే అంకెలన్నీ అబద్ధమే. మొండి సూదితో జుట్టు పక్కకి తీసి, చర్మం మీద చిన్నగా గుండ్రంగా తిప్పి, కిందినుంచి పైకి జెల్ వదులుతూ రావాలి. గోకితే మంట, ఇంకా గోకితే రక్తం. బఠాణీ గింజంత జెల్ చాలు. ఎక్కువ పోస్తే పక్క ఎలక్ట్రోడ్‌కి పాకి రెండూ ఒకటైపోతాయి, దాన్నే బ్రిడ్జింగ్ అంటాం. ఇంపిడెన్స్ అద్భుతంగా కనిపిస్తుంది, కానీ సీపీ1, పీజెడ్ ఒకే తరంగం గీస్తుంటాయి. పాసివ్ క్యాప్‌కి 10 కిలోఓమ్ల లోపు, వీలైతే 5 లోపు. అన్నీ అటూ ఇటూ సమానంగా ఉండటం ఇంకా ముఖ్యం. తేడాగా ఉంటే 50 హెర్ట్జ్ కరెంటు హోరు సమంగా పడదు, ఆంప్లిఫయర్ దాన్ని కొట్టెయ్యలేదు.

గది చల్లగా ఉంచండి. చెమట పడితే గీత మొత్తం సముద్రపు అలలా నెమ్మదిగా లేచి పడుతుంది. అది వచ్చాక ఫిల్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

---

సోల్డరింగ్‌శీను | మంగళవారం, మధ్యాహ్నం 3:10

దీనికి తోక: ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, ఫోన్ ఛార్జర్, చోకున్న ట్యూబ్‌లైట్ మూడూ ఆపి చూడండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి. సాకెట్‌లో ఎర్త్–న్యూట్రల్ మధ్య మల్టీమీటర్ పెడితే 2–3 వోల్టులు మించి వస్తే ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందే, మనిషిని ఎర్త్ చేసే ప్రయోగాలు మాత్రం చెయ్యకండి.

---

సగటుమనిషి | మంగళవారం, సాయంత్రం 5:30

టైమింగ్ సరిచేసినా మీ ప్రాసెసింగ్ అలాగే ఉంచితే పీ300 సగం పోతుంది. మూడు అభ్యంతరాలు.

1 హెర్ట్జ్ హై-పాస్ (అంతకంటే నెమ్మదైనవాటిని కోసేసే ఫిల్టర్). పీ300 నెమ్మదైన తరంగం, శక్తిలో పెద్ద భాగం 1 హెర్ట్జ్ చుట్టుపక్కలే. దాన్ని కోస్తే ఎత్తు తగ్గడంతో ఆగదు. గుట్టకి ముందూ వెనకా లేని నెగెటివ్ లోయలు పుట్టుకొస్తాయి, వాటికి "ముందస్తు ప్రభావం" అని పేరు పెట్టి పేపర్లు రాసేస్తారు. టానర్, మోర్గన్–షార్ట్, లక్ 2015లో ఇదే చూపించారు. 0.1 హెర్ట్జ్ వాడండి.

600 మిల్లీసెకన్ల అంతరం. మీ ఎపోక్ 800 దాకా ఉంది, అంటే తర్వాతి శబ్దం స్పందన ఈ శబ్దం ఎపోక్‌లోకి వచ్చేస్తోంది. పైగా టార్గెట్‌కీ టార్గెట్‌కీ మధ్య కాలం తక్కువైతే పీ300 దానంతట అదే చిన్నదవుతుంది. 1100 నుంచి 1500 మధ్య యాదృచ్ఛికంగా మార్చండి. అంతరం స్థిరంగా ఉంటే ఆల్ఫా తరంగాలు కూడా లయ పట్టి సగటులో మిగిలిపోతాయి.

కొలత. పీక్ తీయొద్దు. టార్గెట్లు 40, మామూలువి 160. తక్కువ ట్రయల్స్ ఉన్న సగటులో రొద ఎక్కువ. పీక్ అనేది ఎప్పుడూ రొద ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడికి ఎక్కి కూర్చుంటుంది, కాబట్టి టార్గెట్ల వైపు ఊరికే ఎక్కువ చూపిస్తుంది. 300–600 మధ్య సగటు ఎత్తు తీసుకోండి. దానికి ఈ పక్షపాతం లేదు. ఈఆర్‌పీ కోర్ అని 2021లో 40 మంది డేటా, ఆరు రకాల ప్రయోగాలు బహిరంగంగా పెట్టారు, పీ3కి పీజెడ్ దగ్గర ఇదే విండో. డేటా చూశాక విండో ఎంచుకుంటే అది విశ్లేషణ కాదు, చేపలు పట్టడం.

---

కొత్తగాచేరా | మంగళవారం, సాయంత్రం 6:00

కానీ ఐసీఏకి 1 హెర్ట్జ్ ఫిల్టర్ వెయ్యాలని ఈఈజీల్యాబ్ పాఠాలన్నిటిలోనూ ఉందిగా?

---

సగటుమనిషి | మంగళవారం, సాయంత్రం 6:20

రెండూ నిజమే. డేటాకి రెండు కాపీలు చెయ్యండి. ఒకదానికి 1 హెర్ట్జ్ వేసి దాని మీద ఐసీఏ నడపండి. వచ్చిన వెయిట్స్‌ని 0.1 హెర్ట్జ్ కాపీకి ఎక్కించి, రెప్పపాటు కాంపొనెంట్లు అక్కడ తీసెయ్యండి. మొదటి కాపీ పని అయిపోయింది, డిలీట్.

ఐసీఏకి ఎంత డేటా కావాలంటే చానెళ్ళ సంఖ్య వర్గానికి 20–30 రెట్ల శాంపిళ్ళు కనీసం. 32 చానెళ్ళకి 30,720 శాంపిళ్ళు, 500 హెర్ట్జ్‌లో ఒక్క నిమిషం. అది నేల మట్టం, మీ దగ్గర ఉన్నదంతా ఇవ్వండి. ఐసీఏకి ముందే యావరేజ్ రిఫరెన్స్ చేస్తే ర్యాంక్ (ఒకదానిమీద ఒకటి ఆధారపడని చానెళ్ళ సంఖ్య) 31కి పడిపోతుంది, పీసీఏతో 31 కాంపొనెంట్లే అడగాలి. లేకపోతే ఒకేలాంటి దెయ్యం కాంపొనెంట్లు రెండొస్తాయి.

---

మెదడుకుమేత | మంగళవారం, రాత్రి 8:05

సగటుమనిషి గారు రిఫరెన్స్ ముట్టుకోలేదు. పీ300 నెత్తి మీద విశాలంగా పరుచుకునే తరంగం. యావరేజ్ రిఫరెన్స్‌లో అన్ని చానెళ్ళ మొత్తం సున్నా కావాలి కాబట్టి ఆ విశాలమైన పాజిటివ్‌లో కొంత భాగం తనలోంచి తనే తీసుకుంటుంది. రెండు మాస్టాయిడ్ల సగటుకి మార్చండి, పాత సాహిత్యంతో పోల్చడానికీ అదే కావాలి.

---

సగటుమనిషి | మంగళవారం, రాత్రి 8:30

128 చానెళ్ళు, తల కింది భాగం కూడా కప్పితే యావరేజ్ రిఫరెన్సే మేలని నేను వాదిస్తాను. 32తో మీరన్నదే సరి.

---

వార్డునంబర్7 | బుధవారం, ఉదయం 7:50

అసలు అధ్యయనం గురించి మనోరోగ వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు.

స్కిజోఫ్రెనియాలో శ్రవణ పీ300 ఎత్తు తగ్గడం బాగా స్థిరపడిన ఫలితం. 2004 నాటి మెటా విశ్లేషణలో ప్రభావ పరిమాణం (రెండు గుంపుల సగటుల తేడా, ప్రామాణిక విచలనాల్లో) 0.85. పెద్దదే, కానీ దీన్ని రోగ నిర్ధారణ అనుకునేవాళ్ళకి లెక్క చూపించాలి. 0.85 అంటే రోగుల, ఆరోగ్యవంతుల వక్రరేఖలు మూడింట రెండు వంతులు ఒకదానిమీద ఒకటి పడతాయి. యాదృచ్ఛికంగా ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుణ్ణి తీసుకుంటే రోగి పీ300 చిన్నదిగా ఉండే అవకాశం నూటికి 73. నాణెం ఎగరేస్తే 50. ఇంతే తేడా.

పైగా ఇది ఒక్క రోగానికే పరిమితం కాదు. మద్యం వ్యసనం ఉన్న తండ్రుల కొడుకుల్లో, వాళ్ళు ఇంకా చుక్క ముట్టకముందే, పీ300 తక్కువని బెగ్లైటర్ బృందం 1984లో చూపించింది. బెంగళూరు నిమ్హాన్స్ నుంచి 1995లో వచ్చిన పని కూడా అదే దిశలో ఉంది. డిప్రెషన్‌లో, డిమెన్షియాలో కూడా తగ్గుతుంది.

డిజైన్‌లో జాగ్రత్తలు: వయసు జత చెయ్యండి, పెద్దయ్యేకొద్దీ పీ300 లేటెన్సీ (శబ్దం నుంచి తరంగం దాకా పట్టే సమయం) ఏడాదికి 1–2 మిల్లీసెకన్లు పెరుగుతుంది. పొగతాగడం, మందుల మోతాదు, నిద్ర రాసుకోండి. ప్రతి ఒక్కరికీ వినికిడి పరీక్ష చెయ్యండి, ముఖ్యంగా 2000 హెర్ట్జ్ దగ్గర. మనసులో లెక్కపెట్టడం వదిలేసి బటన్ నొక్కించండి. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో తెలియదు, బటన్ అయితే ప్రతి ట్రయల్‌కీ తెలుస్తుంది. ఇంకా ముఖ్యం: రోగుల్లో ప్రతి ట్రయల్ పీ300 ఒకే సమయానికి రాదు, అటూ ఇటూ జరుగుతుంది. మీ సౌండ్ కార్డు చేసిన పనే ఇక్కడ మెదడు చేస్తుంది. సగటు చిన్నగా వచ్చిందంటే తరంగమే చిన్నదా, చెదిరిందా అన్నది విడదీయాలి. ట్రయల్ వారీగా లేటెన్సీ అంచనా వేసి చూపిస్తే రివ్యూయర్లు ఊరుకుంటారు.

సహకారం తక్కువగా ఉండే రోగులకి ఎంఎంఎన్ (మిస్‌మ్యాచ్ నెగెటివిటీ: వరసకి భిన్నమైన శబ్దానికి మెదడు దానంతట అదే ఇచ్చే స్పందన) కూడా పెట్టుకోండి. ఫిన్లాండ్ శాస్త్రవేత్త నాటానెన్ బృందం 1978లో బయటపెట్టిన తరంగం. పని ఏమీ అప్పగించక్కర్లేదు, శబ్దం లేని సినిమా చూస్తుంటే చాలు. కెటమిన్ ఇస్తే ఆరోగ్యవంతుల్లో కూడా తగ్గుతుంది కాబట్టి ఎన్‌ఎండీఏ రిసెప్టార్ల పనిలో లోపమే స్కిజోఫ్రెనియాకి మూలమనే పరికల్పనకి దగ్గరి చుట్టం. పది శాతం డీవియంట్లు (భిన్నమైన శబ్దాలు), టోన్ నిడివి మార్చినది, అంతరం 500 మిల్లీసెకన్లు. ఎత్తు కొన్ని మైక్రోవోల్టులే కాబట్టి డీవియంట్లు 150కి తగ్గొద్దు.

---

కొత్తగాచేరా | బుధవారం, ఉదయం 9:15

పోలీసుల "బ్రెయిన్ మ్యాపింగ్" పరీక్ష ఈ పీ300 మీదేనా? టీవీలో నేరం పట్టేస్తుందన్నట్టు చెబుతారే.

---

మెదడుకుమేత | బుధవారం, ఉదయం 9:40

ఆధారం అదే. నేరం వివరాలు తెలిసినవాడికి ఆ వస్తువు "అరుదైన టార్గెట్" అవుతుంది, పీ300 వస్తుందని ఊహ. ఆ వివరం పేపర్లో చదివినవాడికి కూడా వస్తుందిగా. వస్తువు గుర్తుపట్టడానికీ నేరం చేసిన జ్ఞాపకానికీ తేడా ఆ తరంగంలో లేదు. 2010లో సెల్వీ వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలిగ్రాఫ్‌లతో పాటు దీన్ని కూడా ఇష్టం లేకుండా చెయ్యడం రాజ్యాంగం 20(3) అధికరణకి విరుద్ధమంది. ఇంతకంటే చర్చ కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ ప్రయోగం చెడుతుంది.

---

తరంగాలవేట | శుక్రవారం, సాయంత్రం 4:30

అన్నీ మార్చాం. శబ్దం ఆలస్యం ఇప్పుడు 11 మిల్లీసెకన్లు, తేడా 1 లోపు. అంతరం 1100–1500. బటన్. మాస్టాయిడ్ రిఫరెన్స్, 0.1–30 హెర్ట్జ్. తలంటు నియమం పెట్టాక ఇంపిడెన్స్ అన్నిచోట్లా 8 కిలోఓమ్ల లోపు.

కొత్తగా నలుగురిని తీశాం. ఎన్1 సీజెడ్‌లో 104 దగ్గర నిటారుగా ఉంది. ముగ్గురికి పీజెడ్‌లో 340–370 మధ్య చక్కటి గుట్ట, 300–600 సగటు ఎత్తు 7 నుంచి 11 మైక్రోవోల్టులు. నాలుగో వ్యక్తికి ఎన్1 బాగుంది, బటన్ 40కి 39 సరిగ్గా నొక్కారు, కానీ పీ300 మాత్రం 1.5 మైక్రోవోల్టులే. ఈ మనిషిని తీసెయ్యాలా?

---

సగటుమనిషి | శుక్రవారం, సాయంత్రం 5:05

వద్దు. మీరు కొలవాలనుకున్నదే తక్కువగా ఉందని మనిషిని తీసేస్తే ఆరోగ్యవంతుల సగటు కృత్రిమంగా పెరుగుతుంది, రోగులతో తేడా మీరే తయారుచేసినట్టవుతుంది. తీసేయడానికి కారణాలు ముందే రాసిపెట్టుకోవాలి: నాలుగో వంతుకి మించి ట్రయల్స్ చెడిపోవడం, బటన్ 80 శాతం కంటే తక్కువ, వినికిడి లోపం, అలాంటివి.

ముందు ఆయన ఎన్ని టార్గెట్లు మిగిలాయో చూడండి. ఒక్క ట్రయల్‌లో రొద 20 మైక్రోవోల్టులు అనుకుంటే 16 ట్రయల్స్‌కి 5 మిగులుతుంది, 36కి 3.3, 64కి 2.5. వర్గమూలం లెక్క కాబట్టి రొద సగం కావాలంటే ట్రయల్స్ నాలుగు రెట్లు కావాలి. 1.5 అన్నది ఆ రొద లోపలి అంకె. నిజంగా చిన్నదో, అటు ఊగిందో 40 ట్రయల్స్ చెప్పవు. రెండో బ్లాక్ కలిపి 80 చెయ్యండి.

---

జుట్టూజెల్లూ | శుక్రవారం, సాయంత్రం 5:40

ఆ నాలుగో వ్యక్తి పీజెడ్, సీపీ1, సీపీ2, పీ3 గీతల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతే జెల్ పాకింది. మాస్టాయిడ్ దాకా పాకలేదు కదా అన్నది కూడా చూడాలి. పీ7, టీపీ9 దగ్గర అది మామూలే. రిఫరెన్స్‌తో కలిసిన చానెల్ బ్రహ్మాండంగా నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు.

---

వార్డునంబర్7 | శుక్రవారం, రాత్రి 9:10

రెండో బ్లాక్ తీసేటప్పుడు టోన్లు తారుమారు చెయ్యండి: 2000 మామూలుది, 1000 టార్గెట్. అసలు అధ్యయనంలో కూడా సగంమందికి ఇటు, సగంమందికి అటు. లేకపోతే 2000 హెర్ట్జ్‌కి చెవి ఇచ్చే స్పందన తేడాని టార్గెట్ ప్రభావంగా లెక్కేస్తారు.